చేవెళ్ల, మొయినాబాద్ పల్లెల్లో డప్పు, చావు కబురు, దినకర్మ

1978లో హైదరాబాదు జిల్లా నుంచి విడివడి, పెద్దమంగళారానికి చెందిన కొండా వెంకట రంగారెడ్డి పేరుతో ఏర్పడిన జిల్లాలో చేరిన చేవెళ్ల, మొయినాబాద్ పల్లెల్లో, టెలిఫోను రాక ముందు ఇంటి కబురును ఊరంతటికీ చేర్చిన సాధనం డప్పు. గుండ్రని చెక్క చట్రానికి తోలు బిగించిన ఈ వాద్యాన్ని మంట దగ్గర కాచి, ఒక చేత పొట్టి సిర్రతోనూ మరో చేత సన్నని చిటికెన పుల్లతోనూ వాయించేవారు; పెళ్లికి, బోనాలకు, చాటింపుకు, చావుకు దరువులు వేరు కావడంతో, మాట వినపడకపోయినా సందర్భం తెలిసిపోయేది.

అయితే నిజాం పాలనలో ఈ పని వెట్టిలో భాగం. వెట్టి అంటే కులాన్ని బట్టి, సరైన కూలి లేకుండా చేయించుకునే చాకిరి. డప్పు కొట్టడంతో పాటు పొరుగూళ్లలోని బంధుమిత్రులకు చావు కబురు మోయడమూ మాదిగ కుటుంబాల మీదే పడేది. చావు జరిగిన ఇంట భజన బృందం తాళాలతో పాడడం, దినకర్మనాడు, అంటే అంత్యక్రియల తర్వాతి కర్మకాండ ముగిసే రోజున, ఆ కుటుంబం చుట్టాలకూ పేదలకూ అన్నం పెట్టడం చావు ఆచారాల్లో మిగిలిన అంగాలు.

1994లో ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మొదలైన మాదిగ దండోరా ఉద్యమం, వెట్టికి గుర్తుగా ఉన్న ఆ డప్పునే ఆత్మగౌరవ చిహ్నంగా నిలబెట్టింది.