వందకు ఒక్క రూపాయి

2025-26 కేంద్ర బడ్జెట్‌లో రక్షణ శాఖకు 6.81 లక్షల కోట్లు దక్కాయి. విదేశాంగ శాఖకు 20,516 కోట్లు. అందులో పరాయి దేశాలకిచ్చే సాయం 6,750 కోట్లు. సైన్యానికి వంద పెడితే సాయానికి రూపాయన్నమాట. విదేశాంగ శాఖ పద్దు మొత్తానికి ఎనిమిది రెట్ల దాకా సైనికుల పింఛన్లకే పోతోంది.

మన పెద్దలకు తుపాకీ పట్టలేదు, మాటల మీదే మోజు అని 1962 చైనా యుద్ధం దగ్గర నెహ్రూను తప్పుబట్టడం ఆనవాయితీ. నింద పూర్తిగా అబద్ధం కాదు. జాతీయాదాయంలో 2 శాతం దగ్గరున్న రక్షణ వ్యయం ఆ ఓటమి తర్వాతే 4 శాతం వైపు ఎగబాకింది. కానీ అదే నెహ్రూ 1958లో చేసిన ఒక ప్రయాణం ఎవరికీ గుర్తు రాదు. భూటాన్‌కు అప్పట్లో మన వైపు నుంచి మోటారు రోడ్డు లేదు. అరవై ఎనిమిదేళ్ల ప్రధాని నాథులా కనుమ దాటి, చైనా అధీనంలోని టిబెట్ చుంబీ లోయలో దిగి, గుర్రాల మీద పారో చేరాడు. 1961లో భూటాన్ మొదటి పంచవర్ష ప్రణాళికకు డబ్బంతా మనదే. రోడ్లు వేసింది మన సరిహద్దు రహదారుల సంస్థ. అది సాయమా, సైనిక వ్యయమా? రెండూ. 2017లో డోక్లాంలో 73 రోజులు చైనాకు ఎదురు నిలిచినప్పుడు భూటాన్ మన పక్కనే ఉంది. తుపాకీతో మాత్రమే ఆ పక్కబలం వచ్చేది కాదు.

యుద్ధంలో దెబ్బతిని, అమెరికా గోధుమల కోసం ఓడల వంక చూస్తున్న దేశం 1964లో ఐటెక్ అనే శిక్షణ పథకం పెట్టింది! ఆ పేరుతోనే నేటికీ ఆఫ్రికా, ఆసియా అధికారులు హైదరాబాద్ యూసఫ్‌గూడలోని చిన్న పరిశ్రమల సంస్థకు చదువుకోవడానికి వస్తున్నారు. ఇంత చవకైన దౌత్యం మరొకటి లేదని నా నమ్మకం.

సైన్యం, సాయం అనే రెండు చేతులూ వేర్వేరుగా పనిచేస్తే ఏమవుతుందో శ్రీలంక చూపింది. 1987లో శాంతిసేనగా వెళ్లిన మన జవాన్లు దాదాపు 1,200 మంది 1990 నాటికి ప్రాణాలు కోల్పోయారు. సింహళులు, తమిళులు రెండు వర్గాలూ మనల్ని తిట్టుకున్నాయి. అంతర్యుద్ధం ముగిశాక అక్కడి తమిళులకు మనం 50,000 ఇళ్ల పథకం చేపట్టాం. 2022లో అక్కడ పెట్రోలు బంకుల ముందు జనం బారులు తీరితే సుమారు 400 కోట్ల డాలర్ల సాయం చేశాం. అయినా అదే ఏడాది ఆగస్టులో చైనా నిఘా నౌక హంబన్‌తోట రేవులో లంగరు వేసింది. సాయం చేస్తే చెప్పుచేతల్లో ఉంటారనుకునేవాళ్లకు ఇది చేదుమాత్రే. అఫ్గానిస్తాన్‌లో 300 కోట్ల డాలర్లు పెట్టాం. హెరాత్ దగ్గర సల్మా డ్యామ్ కట్టాం. 2021లో తాలిబన్లు వచ్చారు, డ్యామ్ వాళ్ల పాలైంది. ఆ నీళ్లు తాగే రైతు మాత్రం అఫ్గానీయే. దాన్ని నష్టమని రాసుకోవడానికి నాకు చెయ్యి రాదు.

మధ్యలో పీవీ ప్రధానిగా ఉన్న కాలం వేరు. 1991లో ఖజానా ఖాళీ, రక్షణకు చెయ్యి బిగించక తప్పలేదు. ఆ లోటును ఆయన తూర్పు ఆసియాతో స్నేహం పెంచి పూడ్చుకున్నాడు.

ఇప్పుడు పద్దుల మధ్య గీత చెరిగిపోతోంది. 2016లో వియత్నాంకు 50 కోట్ల డాలర్ల అప్పు ప్రకటించాం, రక్షణ సామగ్రి కొనుక్కోమని. 2023 జులైలో అదే దేశానికి పనిచేస్తున్న యుద్ధనౌక ఐఎన్ఎస్ కృపాణ్‌నే ఉచితంగా ఇచ్చేశాం. దాన్ని వందలో వేయాలో, ఆ ఒక్క రూపాయిలో వేయాలో బడ్జెట్ పుస్తకం చెప్పదు.