గేమ్‌లో స్కోప్ గుండ్రంగా ఎలా కనిపిస్తుంది? అద్దంలో బొమ్మ వెనక అసలు కథ ఇదీ!

షూటింగ్ గేమ్‌లో స్కోప్ తెరిస్తే దృశ్యం గుండ్రంగా వస్తుంది. కార్ రేస్‌లో వెనక బండి సైడ్ మిర్రర్‌లో కదులుతుంది. ఆడేవాళ్లకు ఇది మామూలే. కానీ గేమ్ ఇంజిన్‌లోని కెమెరాకు గుండ్రంగా చూడటం రాదు. యూనిటీ, అన్‌రియల్, గొడో.. ఏదైనా సరే, కెమెరా గీసేది దీర్ఘచతురస్రమే. మిగతాదంతా కత్తిరింపు పని.

కత్తిరించేది ఇలా..

రెండో కెమెరా పెట్టి, అది చూసే దృశ్యాన్ని స్క్రీన్‌కు కాకుండా ఒక టెక్స్చర్‌లోకి పంపుతారు. యూనిటీలో దీని పేరు రెండర్ టెక్స్చర్, అన్‌రియల్‌లో రెండర్ టార్గెట్. గొడోలో ఈ పని సబ్‌వ్యూపోర్ట్ చేస్తుంది. ఆ టెక్స్చర్‌ను గుండ్రటి బిళ్లలాంటి మోడల్‌కు అతికిస్తే స్కోప్ రెడీ.

ఇంకో దారి స్టెన్సిల్ బఫర్. బండి నంబర్ ప్లేటు మీద చిల్లుల రేకు పెట్టి రంగు కొడతారు కదా, అదే పద్ధతి. ప్రతి పిక్సెల్‌కు 0 నుంచి 255 వరకు ఒక అంకె ఉంటుంది. ముందు కావాల్సిన ఆకారంలో 1 అని గుర్తు పెడతారు. తర్వాత ఆ గుర్తున్న చోటే రెండో దృశ్యాన్ని గీస్తారు. గోడలోని తలుపులోంచి వేరే లోకం కనిపించే గేములకు ఇది బాగా పనికొస్తుంది. దీనికి అదనపు టెక్స్చర్ అక్కర్లేదు.

అద్దం సంగతేంటి?

1996లో వచ్చిన సూపర్ మారియో 64లో అద్దమే లేదు. గదిని తిరగేసి అవతల ఇంకోటి కట్టి, అందులో రెండో మారియోను నడిపించారు. ఇప్పుడు గదిని కాదు, కెమెరాను తిరగేస్తున్నారు. అద్దానికి ఇవతల కెమెరా ఎంత దూరంలో ఉందో, అవతల అంతే దూరంలో ఇంకో కెమెరా పెడతారు. ఇక్కడ రెండు చిక్కులున్నాయి. అద్దం వెనకున్న గోడ అడ్డొస్తుంది. అందుకే కెమెరా దగ్గరి అంచును అద్దానికి సమానంగా ఏటవాలుగా కోయాలి. యూనిటీలో దీనికి కాలిక్యులేట్ ఆబ్లిక్ మ్యాట్రిక్స్ అనే రెడీమేడ్ ఫంక్షన్ ఉంది. కుడిఎడమలు మారడంతో త్రిభుజాల దిశ కూడా తిరగబడుతుంది. కల్లింగ్ మార్చకపోతే వస్తువులు లోపలి వైపు బయటికి పెట్టినట్టు కనిపిస్తాయి. కొత్తవాళ్లు ఎక్కువగా తికమకపడేది ఇక్కడే.

ఫోన్ ఎందుకు వేడెక్కుతుంది?

అద్దంలో కనిపించేదంతా రెండోసారి గీయాల్సిందే. 1024×1024 టెక్స్చర్‌కు పిక్సెల్‌కు 4 బైట్ల లెక్కన 4 ఎంబీ పడుతుంది. 512కు తగ్గిస్తే 1 ఎంబీ చాలు, చిన్న స్క్రీన్ మీద తేడా పెద్దగా తెలీదు. చుట్టూ ఆరు వైపులా బొమ్మ తీసే రిఫ్లెక్షన్ ప్రోబ్ ఇంకా భారం. యూనిటీలో ఆ పనిని 14 ఫ్రేములకు పంచుకునే వీలుంది. అయితే వేగంగా కదిలే బండి నీడ కాస్త వెనకబడుతుంది. స్క్రీన్ స్పేస్ రిఫ్లెక్షన్ తేలికే కానీ, స్క్రీన్‌లో లేనిదాన్ని చూపించలేదు. సైడ్ మిర్రర్‌కు అది పనికిరాదు.

సినిమాల్లోనూ ఇదే కిటుకు

హైదరాబాద్ అన్నపూర్ణ స్టూడియోస్‌లో ఏఎన్నార్ వర్చువల్ ప్రొడక్షన్ స్టేజ్ ఉంది. ఇలాంటి స్టేజీల్లో వెనకాల పెద్ద ఎల్‌ఈడీ గోడ ఉంటుంది. సెట్లో అసలు కెమెరా ఎక్కడుందో కనిపెట్టి, దానికి సరిపోయే కోణంలో ఇంజిన్ దృశ్యం గీస్తుంది. వంపు గోడ మీద, పక్క నుంచి చూస్తే ఆ భాగం వంకరటింకరగా ఉంటుంది. కెమెరాలోంచి చూస్తేనే సరిగ్గా కుదురుతుంది. కారు బాడీ మీద పడే ప్రతిబింబం మాత్రం నిజమైనదే, గోడ వెలుగే అది.

నేర్చుకోవడానికి హైదరాబాదే వెళ్లాలా? అక్కర్లేదు. కర్ణాటక సరిహద్దులోని నాగల్‌గిద్దలో ఉన్న కుర్రాడైనా ఆండ్రాయిడ్ ఫోన్‌లోనే గొడో ఎడిటర్ వేసుకోవచ్చు, ఉచితం. కాకపోతే గొడో మొబైల్ రెండరర్‌లో స్క్రీన్ స్పేస్ రిఫ్లెక్షన్లు పనిచేయవు. అద్దం కావాలంటే సబ్‌వ్యూపోర్ట్‌తో, తిరగేసిన కెమెరాతోనే మొదలుపెట్టాలి. సైజు ముందు 256 పెట్టి చూసి, ఫ్రేమ్ రేట్ పడిపోకపోతే పెంచుకుంటూ వెళ్లొచ్చు.