పంచాయతీ రేడియో నుండి బల్లమీది స్పీకరు దాకా

గౌతమి, వసిష్ఠ అనే గోదావరి పాయల నడుమ, బంగాళాఖాతాన్ని ఆనుకొని ఉన్న పచ్చని త్రికోణం కోనసీమ. 2022 ఏప్రిల్‌లో ఈ ప్రాంతం ప్రత్యేక జిల్లా అయినది. అమలాపురం దానికి ముఖ్యపట్టణం. అమలాపురంలో గాని, రాజోలులో గాని, కొత్తపేటలో గాని కార్యాలయపు బల్లమీద కొబ్బరికాయంత తీగలేని స్పీకరు కనిపించడం ఇప్పుడు వింత కాదు. ఫోనులోని పాట, వార్త, అవతలి అధికారి మాట ఆ చిన్న పెట్టెలోనుండి వినిపిస్తాయి.

అయితే దానిని కొనడానికి దుకాణానికి వెళ్ళినవానికి ఒక చిక్కు ఎదురవుతుంది. ఒక పెట్టెమీద 5 వాట్లు అని, మరొకదానిమీద 20 వాట్లు అని అచ్చువేసి ఉంటుంది. ఎక్కువ వాట్లు ఉన్నదే మేలైనదా? పెద్దదిగా మోగేదే మంచిదా? ఈ ప్రశ్నలకు జవాబు పెట్టెమీది అట్టలో దొరకదు. లౌడ్‌స్పీకరు నడచివచ్చిన నూట యాభై ఏళ్ళ దారిలో దొరుకుతుంది.

తీగచుట్టకు గొంతు వచ్చిన విధం

1874లో జర్మన్ శాస్త్రజ్ఞుడు వెర్నర్ సీమెన్స్ ఒక పరికరానికి పేటెంటు పొందాడు. అయస్కాంత క్షేత్రంలో ఒక తీగచుట్టను వేలాడదీసి, దానిగుండా విద్యుత్తును ప్రవహింపజేస్తే ఆ చుట్ట కదులుతుంది. ప్రవాహపు దిశ మారితే కదలిక దిశ కూడా మారుతుంది. ఇంతే దాని సూత్రం. గ్రాహంబెల్ టెలిఫోను పేటెంటు 1876 నాటిది. అనగా, సీమెన్స్ చుట్ట సిద్ధమయ్యేనాటికి దానిచేత పలికించడానికి తగిన విద్యుత్ రూపంలోని మాటే ఇంకా రాలేదన్నమాట! 1898లో ఇంగ్లండులో ఆలివర్ లాడ్జ్ ఇదే సూత్రాన్ని శబ్దానికి అన్వయించాడు. కాని బలహీనమైన విద్యుత్ సంకేతాన్ని పెంచే సాధనం అప్పటికి లేదు. 1906లో లీ డి ఫారెస్ట్ నిర్మించిన మూడు ఎలక్ట్రోడుల వాల్వు తరువాతనే ఆ కొరత తీరే మార్గం ఏర్పడినది. 1915లో అమెరికాలో పీటర్ జెన్సెన్, ఎడ్విన్ ప్రిడం అనే ఇద్దరు కదిలే తీగచుట్టకు పెద్ద బూరను తగిలించి వేలాది జనానికి ఒకేసారి వినిపించగలిగారు.

నేటి స్పీకరుకు అసలైన రూపం వచ్చినది 1925లో. జనరల్ ఎలక్ట్రిక్ సంస్థలో పనిచేసిన చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెలాగ్ బూరను తీసివేసి, తీగచుట్టకు కాగితపు శంకువును అంటించారు. వారు గమనించిన ముఖ్య విషయం మరొకటి కలదు. శంకువు ముందుకు కదిలినప్పుడు ముందువైపు గాలి ఒత్తిడి పెరుగుతుంది, వెనుకవైపు తగ్గుతుంది. కాలువలో తెడ్డును నెమ్మదిగా ముందుకు తోస్తే నీరు దాని అంచుల చుట్టూ తిరిగి వెనుకకు జారిపోతుంది గదా! గాలి కూడా అంతే. మంద్రస్వరాలలో ముందువైపు ఒత్తిడి వెనుకవైపుకు జారి, ఒకదానినొకటి రద్దు చేసుకుంటాయి. అందుచేత స్పీకరును ఒక పలకకు గాని, పెట్టెకు గాని బిగించవలసి వచ్చినది. స్పీకరు పెట్టె కేవలం అందంకోసం కాదు. అది ధ్వనిలో భాగం.

డెల్టాకు వచ్చిన ధ్వని

తెలుగువారికి రేడియో మొదట మద్రాసు మీదుగా వచ్చినది. 1924లో మద్రాసు ప్రెసిడెన్సీ రేడియో క్లబ్బు ప్రసారాలు ఆరంభించినది. డబ్బు చాలక అది 1927లో ఆగిపోగా, 1930లో మద్రాసు నగరపాలక సంస్థ ఆ పనిని చేపట్టినది. 1938 జూన్ 16న ఆకాశవాణి మద్రాసు కేంద్రం, 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రం వెలిశాయి.

విజయవాడనుండి అమలాపురానికి నేరుగా గాలిలో కొలిస్తే సుమారు 150 కిలోమీటర్లు. విజయవాడ కేంద్రం మీడియం వేవులో 837 కిలోహెర్ట్జ్ పౌనఃపున్యం మీద వినిపిస్తూ వచ్చింది. కాంతివేగాన్ని ఈ సంఖ్యతో భాగిస్తే తరంగదైర్ఘ్యం సుమారు 358 మీటర్లు అని తేలుతుంది. ఇంత పొడవైన తరంగాలు నేలను అంటిపెట్టుకొని సాగిపోతాయి. పొడి రాతినేలకంటె తడిసిన ఒండ్రునేల విద్యుత్తును బాగా ప్రసరింపజేస్తుంది. కనుక దానిమీద ఈ తరంగాలు తక్కువగా క్షీణిస్తాయి. వరికి, కొబ్బరికి మేలుచేసిన డెల్టా తడి రేడియోకు కూడా మేలే చేసిందన్నమాట.

ఆ రోజులలో రేడియో ఇంటింటి వస్తువు కాదు. కరెంటు లేని ఊళ్ళలో వాల్వు రేడియోకు రెండురకాల బ్యాటరీలు కావలసివచ్చేవి. వాల్వులోని తంతువును వేడిచేయడానికి సుమారు ఒకటిన్నర వోల్టులది ఒకటి, ఎలక్ట్రానులను లాగడానికి 90 వోల్టులవరకు ఉండే బరువైన దొంతర మరొకటి. పైగా రేడియో ఉంచుకొనడానికి తపాలా కార్యాలయంలో రుసుము కట్టి లైసెన్సు తీసుకోవాలి. 1980ల మధ్యలోగాని ఆ లైసెన్సు బాధ తొలగలేదు. అందుచేత 1950లలో పల్లెలకు సామూహిక శ్రవణంకోసం రేడియోలు సమకూర్చే పథకాలు నడిచినవి. 1956లో పుణె ప్రాంతంలో యునెస్కో సహాయంతో 150 గ్రామాలలో రైతు శ్రోతల బృందాలు ఏర్పడి, ప్రసారం విని, చర్చించి, పొలంలో ఆచరించే ప్రయోగం జరిగినది. 1959లో ఈ పద్ధతిని దేశమంతటికీ విస్తరింపజేశారు. మన పల్లెలలో “పంచాయతీ రేడియో” అన్న మాట ఆ కాలపు జ్ఞాపకమే. ఒకే గొంతు, నూరు చెవులు. ఆ గొంతుకు ఉండవలసిన గుణం ఒక్కటే: అరుగు చివర కూర్చున్నవానికి కూడా వినిపించాలి.

దూరం చెప్పే లెక్క

ఇక్కడ విద్యార్థులు ఒక చిన్న లెక్క చేసి చూడవచ్చును. ఆరుబయట ధ్వని తీవ్రత దూరపు వర్గానికి విలోమానుపాతంలో తగ్గుతుంది. దూరం రెట్టింపైతే తీవ్రత నాలుగోవంతు అవుతుంది. పంచాయతీ ఆవరణలో పది మీటర్ల దూరాన ఉన్న శ్రోతకు వినిపించాలంటే స్పీకరుకు 4 వాట్లు కావాలనుకుందాం. అదే స్పీకరు బల్లమీద చెవికి అరమీటరు దూరంలో ఉన్నది. దూరం ఇరవయ్యోవంతు అయినది. కావలసిన శక్తి ఇరవై వర్గంలో, అనగా నాలుగువందలలో ఒకవంతు. 4 వాట్లను 400తో భాగిస్తే వాటులో నూరోవంతు మాత్రమే!

గదిలో గోడలు ధ్వనిని తిప్పికొడతాయి గనుక లెక్క ఇంత కచ్చితంగా నడవదు. ఫంకా చప్పుడు, వీధి చప్పుడు కూడా ఉంటాయి. అయినా సారాంశం మారదు. బల్లమీది స్పీకరుకు వాట్ల ఆశ అవసరం లేదు. మూడు, నాలుగు వాట్లు ధారాళంగా సరిపోతాయి. వాట్లు పదింతలు చేస్తే ధ్వని పదింతలు పెద్దదిగా వినిపించదు. చెవికి ఇంచుమించు రెట్టింపుగా మాత్రమే తోస్తుంది.

తీగ తెగినది

1947 డిసెంబరులో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో ట్రాన్సిస్టరు పుట్టినది. 1954లో నాలుగు ట్రాన్సిస్టర్లతో పనిచేసే తొలి చేతి రేడియో అమ్మకానికి వచ్చినది. తంతువును వేడిచేయవలసిన పని పోయినది, బ్యాటరీ బరువు తగ్గినది. అరుగుమీది రేడియో రైతు భుజానికి వేలాడి పొలంగట్టుకు నడిచినది. అప్పటినుండి నూరు చెవుల గొంతు క్రమంగా ఇంటి గొంతు, పిమ్మట ఒక్క మనిషి గొంతు అయినది.

1994లో స్వీడన్‌కు చెందిన ఎరిక్సన్ సంస్థలో ఫోనుకు, ఇతర పరికరాలకు నడుమ తీగలను తొలగించే యత్నం ఆరంభమైనది. 1998లో పలు సంస్థలు కలిసి దీనికి బ్లూటూత్ అని పేరు పెట్టాయి. ఇది పదో శతాబ్దపు డెన్మార్కు రాజు హెరాల్డ్ మారుపేరు. 2003లో సంగీతాన్ని రెండు చానళ్ళలో పంపే విధానం దీనికి తోడైనది. ఇందులో వాడే తరంగాల పౌనఃపున్యం సుమారు 2.4 గిగాహెర్ట్జ్, తరంగదైర్ఘ్యం పన్నెండు సెంటీమీటర్లు మాత్రమే. విజయవాడ తరంగం 358 మీటర్లు. ఇది జానెడైనా లేదు. సాధారణంగా పదిమీటర్ల పరిధిలో పనిచేసే ఈ అలలను నీరు ఎక్కువగా ఉండే మానవదేహం చాలవరకు అడ్డగిస్తుంది. ఫోనుకు, స్పీకరుకు నడుమ మనిషి నిలబడితే పాట తడబడడానికి కారణం ఇదే.

ఒకే గదిలో పది పరికరాలు ఒకదానినొకటి చెరుపుకోకుండా ఎట్లా మాట్లాడుకొంటాయి? అవి సెకనుకు 1,600 సార్లు వంతున 79 దారులలో ఒకదానినుండి మరొకదానికి గంతులు వేస్తూ పోతాయి. ఇట్లు గంతులు వేసే ఉపాయానికి 1942లోనే సినీనటి హెడీ లమార్, సంగీతకారుడు జార్జ్ ఆంథీల్ ఒక పేటెంటు పొందారు. వారు తలపోసినది శత్రువు చెరపలేని టార్పెడో నియంత్రణ. మనదేశంలో ఈ పౌనఃపున్యాలను లైసెన్సు లేకుండా వాడుకొనడానికి 2005లో అనుమతి లభించినది. రేడియో వినడానికే లైసెన్సు కావలసిన దేశంలో నేడు లైసెన్సు లేని బుల్లి ప్రసారిణి ప్రతి ఫోనులోను ఉన్నది.

ఎంపికకు కొన్ని కొలతలు

ఈ చరిత్రనుండి కొనేవాడు నేర్చుకొనదగినవి కొన్ని ఉన్నాయి.

మొదటిది, పరిమాణం. ఒకే తీవ్రతతో పౌనఃపున్యాన్ని సగానికి తగ్గించాలంటే శంకువు నాలుగింతలు ఎక్కువ దూరం కదలాలి. 200 హెర్ట్జ్ వద్ద అరమిల్లీమీటరు కదిలే శంకువు 50 హెర్ట్జ్ వద్ద ఎనిమిది మిల్లీమీటర్లు కదలవలసివస్తుంది. పిడికెడు పెట్టెలో ఇది సాధ్యం కాదు. కనుక చిన్న స్పీకరునుండి మృదంగపు తొప్పి గంభీరంగా పలుకుతుందని ఆశించరాదు. గోడ దగ్గర ఉంచితే మంద్రస్వరాలు కొంత బలపడతాయి.

రెండవది, మాట స్పష్టత. కార్యాలయంలో స్పీకరు చేసే పనిలో పాటకంటె మాట ఎక్కువ. అచ్చులకు బలం తక్కువ పౌనఃపున్యాలలో ఉండగా, హల్లులను వేరుచేసే గుర్తులు పై పౌనఃపున్యాలలో ఉంటాయి. ముఖ్యంగా శ, ష, స అనే ఊష్మాల భేదం కొన్నివేల హెర్ట్జ్‌ల వద్ద కాని తెలియదు. అందుచేత దుకాణంలో సినిమాపాట పెట్టించుకొనడంకంటె తెలుగు వార్తలు పెట్టించుకొని వినడం మంచి పరీక్ష. “విశేషం”, “శాసనసభ” వంటి మాటలు తక్కువ శబ్దంలో కూడా విడివిడిగా వినబడితే ఆ స్పీకరు బల్లకు తగినదే.

మూడవది, సంభాషణ. స్పీకరులోని మైకుతో మాట్లాడేటప్పుడు బ్లూటూత్ సంగీత విధానాన్ని వదలి, సంభాషణ విధానానికి మారుతుంది. పాత విధానం గొంతునుండి సెకనుకు 8,000 నమూనాలను తీస్తుంది. తరువాతి విధానం 16,000 తీస్తుంది. నమూనాల సంఖ్యలో సగానికి మించిన పౌనఃపున్యం నిలువదు గనుక, మొదటిదానిలో 4,000 హెర్ట్జ్ పైబడిన ధ్వని పోతుంది. పాట బాగా పాడిన పెట్టె ఫోనులో మాట్లాడినప్పుడు ముక్కుతో పలికినట్లు ఉండడానికి కారణం ఇదే. కనుక రెండు పనులనూ విడివిడిగా పరీక్షించాలి.

నాలుగవది, ఇక్కడి గాలి. కోనసీమ గాలిలో తేమ ఎక్కువ. తీరాన ఉప్పు కూడా తోడవుతుంది. కాగితపు శంకువు తేమను పీలుస్తుంది, ఇనుప జాలి తుప్పుపడుతుంది. ప్లాస్టిక్కు శంకువు, మూతగల చార్జింగు రంధ్రం ఇక్కడ మన్నుతాయి. ఐ.పి. 67 అనే గుర్తులో 6 దుమ్ము రక్షణను, 7 ఒక మీటరు లోతు నీటిలో అరగంట నిలిచే శక్తిని తెలుపుతాయి. అయితే ఈ పరీక్ష మంచినీటితో జరిపేదే గాని ఉప్పునీటితో కాదు.

అయిదవది, పక్కబల్ల. పంచాయతీ రేడియో గొప్పతనం అందరికీ వినిపించడంలో ఉండేది. బల్లమీది స్పీకరు గొప్పతనం ఒకరి దగ్గర ఆగిపోవడంలో ఉన్నది. అది చెవికి ఎంత దగ్గరగా, చెవికి ఎంత ఎదురుగా ఉంటే అంత తక్కువ శబ్దం చాలును. పొరుగువాని పని అంత చెడకుండా ఉంటుంది.

మూగబోయే వేళ

1996 నవంబరు 6 రాత్రి పెనుతుఫాను కోనసీమను చీల్చివేసినది. వెయ్యిమందికి పైగా మరణించారు. తరతరాల కొబ్బరితోటలు నేలకూలాయి. స్తంభాలు కూలి, తీగలు తెగిన అటువంటి వేళ దూరపు కబురు చెప్పగలిగేది బ్యాటరీతో నడిచే రేడియో ఒక్కటే.

బల్లమీది స్పీకరు ఎంత మంచిదైనా రేడియో కాదని మరువరాదు. అది పదిమీటర్ల దూరంలోని ఫోను మాటను మాత్రమే తిరిగి చెప్పగలదు. ఫోనుకు అందే సంకేతం ఆగిపోతే నిండుగా చార్జి ఉన్న స్పీకరు కూడా మూగబోతుంది. కొన్ని స్పీకర్లలో రేడియో గ్రాహకం కూడా ఉంటుంది. కొనేముందు, తమ ఊరిలో, తమ బల్లదగ్గర ఏ కేంద్రం అందుతున్నదో విని చూసుకోవాలి. అందకపోతే బల్ల సొరుగులో ఒక చిన్న బ్యాటరీ రేడియోను, రెండు కొత్త సెల్లులను ఉంచడం మేలు.

మామూలు రోజున పక్కబల్లకు వినిపించని గొంతు మంచి గొంతు. తుఫాను రాత్రి మాత్రం వీధి చివరిదాకా వినిపించే పంచాయతీ గొంతే కావాలి. ఈ రెండింటి అవసరాన్నీ ఎరిగినవాడే స్పీకరును సరిగా ఎన్నుకొన్నవాడు.