మా తరగతి, అడ్మిషన్ రిజిస్టరు

1975 మార్చిలో కృష్ణా డెల్టాలోని మన మిషన్ హైస్కూలు నుండి ఎస్.ఎస్.సి. పరీక్షకు కూర్చున్న మా తరగతివారము, వచ్చే జనవరిలో సంక్రాంతి దాటిన తరువాత ఒకచోట కలుసుకోవాలని నిశ్చయించుకొన్నాము. ఎవరెక్కడ ఉన్నారో విచారించి జాబితా కట్టే పని నాకు అప్పగించారు. అందుకై ప్రధానోపాధ్యాయులవారి అనుమతితో పాఠశాల అడ్మిషన్ రిజిస్టరు చూశాను. డయాసిస్ చరిత్ర అనగానే బిషప్పుల పేర్లు, గుళ్ళ ప్రతిష్ఠ తేదీలు వ్రాయడం మనకు అలవాటు. అవి వ్రాయవలసినవే. అయితే అట్ట ఊడిపోయిన ఆ రిజిస్టరు కూడా మన చరిత్రే అని నా అభిప్రాయం. మేము బడి విడిచిన తరువాత గడిపిన జీవితాలు చాలావరకు దాని గళ్ళలో ముందే వ్రాసి ఉన్నవి.

మా కాలమును గురించి రెండు మాటలు. 1969–70లో పి.యు.సి. పోయి రెండేండ్ల ఇంటర్మీడియట్ వచ్చినది. మేము ఎనిమిదవ తరగతిలో ఉండగా, 1972 అక్టోబరులో ముల్కీ నిబంధనలపై సుప్రీంకోర్టు తీర్పు వెలువడి, దాని వెంట జై ఆంధ్ర ఉద్యమం వచ్చినది. బడి నెలల తరబడి మూతబడినది. బోర్డింగు పిల్లలను ఇండ్లకు పంపివేశారు. 1973 జనవరిలో రాష్ట్రపతి పాలన వచ్చినదన్న సంగతి మాకు పెద్దగా తెలియదు గాని, ఆ యేడు లెక్కలు సగమే చెప్పించుకొన్న సంగతి మాత్రం పదవ తరగతిలో బాగా తెలిసివచ్చినది. పరీక్ష వ్రాసిన మూడు నెలలకు ఎమర్జెన్సీ వచ్చినది.

రిజిస్టరులో మొదట నా కంటబడినది పుట్టిన తేదీల గడి. మా తరగతిలో సగానికి పైగా 1959 జూలై 1న పుట్టినవారే! తల్లిదండ్రులు "గాలివాన యేడు", "మాసూళ్ళప్పుడు" అని చెబితే, పంతులుగారు పిల్లవాని యెత్తు చూచి, బడిలో చేరుటకు వయస్సు సరిపోయేటట్లు ఒక తేదీ వేసేవారు. ఇది నవ్వుకొనే సంగతి కాదు. ప్రభుత్వోద్యోగములో ఆ తేదీయే దేవుడు. జూలై 1న పుట్టినవాడు జూన్ 30న రిటైరవుతాడు. 2014లో రాష్ట్రము రెండైన తరువాత ఆంధ్రప్రదేశ్‌లో పదవీ విరమణ వయస్సు 60 చేశారు, తెలంగాణలో అప్పటికి 58గానే ఉన్నది. కనుక ఒకే బెంచీ మీద కూర్చొని, ఒకే పంతులుగారి చేతి వ్రాతతో పుట్టిన ఇద్దరిలో ఖమ్మంలో పనిచేసినవాడు 2017 జూన్ 30న, గుడివాడలో పనిచేసినవాడు 2019 జూన్ 30న ఇంటికి వచ్చారు.

ఇంతకంటె బరువైనది మతము, కులము వ్రాసే గడి. మా ప్రాంతపు పేటలలో బడి పంతులు, గుడి ఉపదేశి చాలాచోట్ల ఒక్కరే. బాప్తిస్మపు పేరు తెలిసినవారును, రిజిస్టరులో పేరు వ్రాసినవారును ఆయనే. ఆయన నమ్మకస్తుడు గనుక ఉన్నది ఉన్నట్లు "ఇండియన్ క్రిస్టియన్" అని వ్రాశాడు. అప్పటికే 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు అమలులో ఉన్నది. హిందూమతస్థులు కానివారు షెడ్యూల్డు కులస్థులుగా పరిగణింపబడరని దాని మూడవ పేరా. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు సవరణ చేశారు. క్రైస్తవులకు చేయలేదు. 1970లో రాష్ట్ర ప్రభుత్వము వెనుకబడిన తరగతులను ఎ, బి, సి, డి అని విభజించి, షెడ్యూల్డు కులాల నుండి క్రైస్తవులైనవారిని, వారి సంతతిని "సి"లో చేర్చి, నూటికి ఒక్క ఉద్యోగము కేటాయించినది. నూరు ఖాళీలు పడితే ఒకటి. ఒక జిల్లాలో ముప్పది పోస్టులు ప్రకటిస్తే, ఆ ఒకటి తమ వంతుకు వచ్చునో రాదో అని మావాళ్ళు రోస్టరు పట్టికలు చదవడం నేర్చుకొన్నారు. 1980లలో షెడ్యూల్డు కులాలకు నూటికి 15.

ఇందువలన ఏమి జరిగినదో మా తరగతివారికి తెలుసు, గుడిలో మాట్లాడుకోరు. ఒకే యింటి అన్నదమ్ములిద్దరు మా బడిలో చదివారు. పెద్దవానిని ఉపదేశిగారు చేర్పించారు. చిన్నవానిని మేనమామ తీసికొనిపోయి పొరుగూరి పంచాయతీ సమితి బడిలో వేశాడు. అక్కడి పంతులు అడిగినది కులము ఒక్కటే. చిన్నవాడు మన హైస్కూలుకు వచ్చేసరికి ఆ టీసీలోని మాటే ఇక్కడి రిజిస్టరులోనికి ఎక్కినది. ఇంటర్మీడియట్ తరువాత చిన్నవానికి బ్యాంకులో గుమాస్తా ఉద్యోగము వచ్చినది. అంతకంటె ఎక్కువ మార్కులు తెచ్చుకొన్న పెద్దవాడు ట్యూషన్లు చెప్పుకొని, 1980లలో నెలకు 398 రూపాయల నిర్ణీత వేతనముపై తీసికొన్న ప్రత్యేక ఉపాధ్యాయులలో ఒకడుగా చేరి, అక్కడనుండి మెల్లగా పైకి వచ్చాడు. పెద్దవాడు అభిమానము గలవాడు. తమ్ముని ఎన్నడూ ఒక్క మాట అనలేదు. తమ్ముడు మాత్రం ఉద్యోగమున్నన్నాళ్ళు గుడికి వచ్చి వెనుక వరుసలో కూర్చొని, ఆశీర్వాదము కాకముందే లేచిపోయేవాడు.

ఇటువంటివారిని తప్పు పట్టడం సులభము. నేను పట్టను. ఊరి హోటలులో వేరుగా పెట్టిన గ్లాసు, టీ త్రాగవచ్చినవాని బాప్తిస్మపు పేరు అడగలేదు. మతము మారినను మా పేట ఊరికి ఆ చివరనే ఉన్నది. రాష్ట్ర ప్రభుత్వమునకు ఈ సంగతి కొంత తెలిసినట్లే ఉన్నది. 1977లో చట్టబద్ధము కాని కొన్ని రాయితీలను క్రైస్తవులకును వర్తింపజేసినది. ఉద్యోగమునకు అది పనికిరాదు. మూడవ పేరా తీసివేయవలెనని రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లో సిఫారసు చేసినది. ఈ విషయమే మరల పరిశీలించుటకు 2022లో కేంద్ర ప్రభుత్వము కె.జి. బాలకృష్ణన్ గారి అధ్యక్షతన ఇంకొక కమిషన్ వేసినది. అప్పటికి మా తరగతిలో ఉద్యోగములు చేసినవారందరును రిటైరైనారు.

కాపుదనపు ఇండ్ల పిల్లలు కొందరు పొలము అమ్ముకొని తుంగభద్ర ఆయకట్టుకు, సింధనూరు క్యాంపులకు పోయిన బంధువుల దగ్గరకు చేరారు. ఇద్దరి పిల్లలు అమెరికాలో ఉన్నారు. ఆడపిల్లలలో ముగ్గురు మిషన్ ఆసుపత్రులలో నర్సింగు చదివి, అందులో ఒకరు కువైట్ వెళ్ళి తన చెల్లెండ్ర పెండ్లిండ్లు చేసి, తాను చేసికోలేదు. మిగిలిన ఆడపిల్లల ఇంటిపేర్లు మారిపోయినందున వారి జాడ పట్టడమే నాకు అన్నిటికంటె కష్టమైన పని.

దివిసీమ నుండి వచ్చి బోర్డింగులో ఉండి చదివినవాడు ఒకడు, ఎస్.ఎస్.సి. తప్పి నాగాయలంక వైపు తన ఊరికి వెళ్ళి వలలకు పోయేవాడు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనలో ఇంటిల్లిపాది పోయారు. అధికారుల లెక్క ప్రకారమే ఆనాడు పోయినవారు పదివేల మంది. ఎస్.ఎస్.సి. పుస్తకంలో ఆనవాలుగా వ్రాసే పుట్టుమచ్చల వివరము అతనిది ఇంకా పాఠశాలలోనే ఉన్నది. తప్పినందున పుస్తకము తీసికొనుటకు రాలేదు.

ఇక జాబితాలో ఏ పేరు వేయవలెనన్న ప్రశ్న వచ్చినది. వాట్సాప్‌లో దీనిపై వారము రోజులు వాదించుకొన్నాము. రిజిస్టరు పేరే వేయాలని కొందరు, గుడి పేరు వేయాలని కొందరు. పైన చెప్పిన చిన్నవాడు ఒకనాటి రాత్రి ఫోను చేసి, "అన్నా, నాకు రెండూ వెయ్యి, పెన్షన్ కాగితము మీద ఒకటి, అమ్మ పిలిచినది ఒకటి. ఇక భయమేమున్నది" అన్నాడు. అందరి పేర్లకు ఎదురుగా రెండు గళ్ళు గీశాను. రెండవ గడి ఎవరిది వారే నింపుతారు.

మా తరగతి నలభై ఇద్దరిలో ఏడుగురి ఆచూకీ ఇంకను తెలియలేదు. వారిలో ఐదుగురు స్త్రీలు. 1975లో మన హైస్కూలులో ఎస్.ఎస్.సి. వ్రాసినవారు ఎవరైనా మీ సంఘములో గాని, మీ యింటి కోడలుగా గాని ఉన్నయెడల, దయచేసి డిసెంబరు లోపల పాఠశాలకు కబురు చేయండి.