పాత కారుకు డీజిల్ ఇంజన్: షెడ్డులో పుట్టిన విద్య

చంద్రపూర్ జిల్లా డీజిల్ మీద నడుస్తుంది. దుర్గాపూర్, సాస్తి, గౌరీ ఓపెన్‌కాస్ట్ గనుల్లో బొగ్గు మోసే డంపర్లకూ, సిమెంటు కర్మాగారాల లారీలకూ అదే ఆహారం. నిజాం కాలంలో ఆదిలాబాదు జిల్లాలో ఉండి, 1956 రాష్ట్రాల పునర్విభజన తర్వాత ఇటు వచ్చి చేరిన రాజురా కూడా ఈ బొగ్గు నేలలోదే. కోల్ ఇండియా గనుల్లో తిరిగే డంపర్లు చాలావాటి బానెట్ కింద ఉండేది కమిన్స్ ఇంజన్. ఆ కంపెనీ 1962లో కిర్లోస్కర్లతో కలిసి పుణెకు వచ్చింది. పాత కారులోంచి పెట్రోల్ ఇంజన్ దించి డీజిల్ ఎక్కించే విద్యకు మూలపురుషుల్లో ఒకరు ఆ ఇంటిపేరు గల మనిషే.

అమెరికాలో ఇండియానా రాష్ట్రంలోని కొలంబస్ ఊళ్లో క్లెసీ కమిన్స్ పడవలకు డీజిల్ ఇంజన్లు తయారుచేసేవాడు. 1929లో స్టాక్ మార్కెట్ కుప్పకూలింది. కంపెనీ మూతపడే దశకు వచ్చింది. పెట్టుబడి పెట్టిన బ్యాంకరు డబ్ల్యూ.జి. ఇర్విన్‌ను మళ్లీ ఒప్పించాలంటే కాగితాల మీద లెక్కలు చాలవు. అందుకే కమిన్స్ ఒక వాడిన 1925 మోడల్ ప్యాకార్డ్ లిమోజీన్ తెచ్చి, అందులో తన పడవ ఇంజన్‌ను ఎలాగో ఇరికించాడు. క్రిస్మస్ నాడు ఇర్విన్‌ను ఎక్కించుకుని తిప్పాడు. మరుసటి నెల అదే బండిని న్యూయార్క్ ఆటో షోకు తోలుకెళ్లాడు. దాదాపు 800 మైళ్ల దారికి ఇంధనం ఖర్చు ఒక డాలరు 38 సెంట్లు. కంపెనీ బతికింది.

ఇంగ్లండులో ఇదే పని ఒక దొర చేశాడు. లార్డ్ డి క్లిఫర్డ్ 1933 మాంటె కార్లో ర్యాలీకి బెంట్లీ కారులో గార్డ్‌నర్ డీజిల్ ఇంజన్ పెట్టుకుని వెళ్లాడు. అది బస్సులకూ లారీలకూ వాడే ఇంజన్. పెట్రోల్ కార్ల మధ్య అయిదో స్థానంలో నిలిచాడు. మెర్సిడెస్ బెంజ్ 260 డి అమ్మకానికి వచ్చింది 1936లో. అంటే కార్ఖానాలు డీజిల్ కారు అమ్మడానికి ముందే షెడ్డుల్లో డీజిల్ కార్లు తయారై రోడ్డెక్కాయి. మనదేశంలోనూ వరస ఇదే.

ఇక్కడ ఈ ఇంజన్ మార్పిడిని నడిపింది సరదా కాదు, బాడుగ లెక్క. ప్రభుత్వం డీజిల్ ధరను రైతు కోసం, లారీ కోసం అదుపులో ఉంచేది. పెట్రోల్ మీద మాత్రం కార్లున్నవాళ్ల సొత్తన్నట్టు పన్ను వేసేది. 1973 చమురు సంక్షోభం తర్వాత ట్యాక్సీ యజమాని నిద్రలో కూడా ఈ తేడానే లెక్కవేసుకుని ఉంటాడు. విడిభాగాలకు అప్పటికి కొరత లేదు. మద్రాసులో సింప్సన్ కంపెనీ 1950ల నుంచే పెర్కిన్స్ డీజిల్ ఇంజన్లు చేస్తూ వచ్చింది. పెర్కిన్స్ పీ6 అయితే ప్రపంచమంతటా పాత పెట్రోల్ లారీలకు మార్పిడి ఇంజన్‌గానే పేరు తెచ్చుకుంది. బెంగళూరులో మైకో కంపెనీ డీజిల్ పంపులు, నాజిళ్లు తయారయ్యేవి. డీజిల్ మెకానిక్ నోట ‘మైకో పంపు’ అన్న మాట ఇప్పటికీ వినిపిస్తుంది. ప్రభుత్వ శాఖలు వేలం వేసిన పెట్రోల్ జీపులను కొన్నవాళ్లు చాలామంది చేయించిన మొదటి పని ఇంజన్ మార్పించడమే. మహీంద్రా కూడా ఆ దారికే వచ్చి, 1979లో ప్యూజో లైసెన్సు తీసుకుని జీపులకు ఎక్స్‌డీపీ డీజిల్ ఇంజన్ బిగించింది.

అసలు కథ అంబాసిడర్‌ది. మారిస్ ఆక్స్‌ఫర్డ్ పోలికతో 1950ల చివర వచ్చిన ఈ కారుకు 1489 సీసీ బీఎంసీ పెట్రోల్ ఇంజన్ ఉండేది. 1980 ప్రాంతంలో దాని తయారీ సంస్థ హిందుస్థాన్ మోటార్స్ అదే కుటుంబానికి చెందిన, అదే కొలత డీజిల్ ఇంజన్‌ను మార్క్ 4 మోడల్‌లో పెట్టింది. దేశంలో కంపెనీ నుంచి వచ్చిన తొలి డీజిల్ కారు ఇదే. శక్తి 37 హార్స్‌పవర్. ఘాట్ రోడ్డు మీద నిండా జనంతో ఎక్కుతుంటే వెనకున్న లారీవాడు హారన్ కొట్టేంత నిదానం. అయినా ట్యాక్సీవాళ్లు వద్దనలేదు. మార్క్ 2, మార్క్ 3 ఉన్నవాళ్లు బండి అమ్ముకోకుండా ఇంజన్ ఒక్కటే తెచ్చుకోవడానికీ దారి దొరికింది.

ఇంజన్ తేవడం తేలిక, కూర్చోబెట్టడమే పని. ఆ కాలం పెట్రోల్ ఇంజన్‌లో గాలీ ఇంధనమూ ఏడెనిమిది రెట్లు నొక్కుకుంటే చాలు, తర్వాత స్పార్క్ ప్లగ్ చూసుకుంటుంది. డీజిల్‌కు ప్లగ్ లేదు. గాలిని ఇరవై రెట్లు, ఆపైన నొక్కితే పుట్టే వేడికే మండాలి. ఆ ఒత్తిడికి తట్టుకునే ఇనుము బరువు. ఆ బరువుకు ముందు భాగం కుంగుతుంది. అంబాసిడర్‌లో టార్షన్ బార్లు బిగించి ఎత్తు సరిచేయాలి. వేరే జాతి ఇంజన్ అయితే గేర్‌బాక్స్ హౌసింగ్ కలవదు. మధ్యలో లేతు మీద చేయించిన ప్లేటు వేయాలి. ఆ ప్లేటు సూది మొనంత పక్కకు జరిగినా క్లచ్ తినేస్తుంది. మౌంటింగులు మెత్తగా లేకపోతే స్టీరింగు, డ్యాష్‌బోర్డు, పక్కన కూర్చున్న అత్తగారు అందరూ కలిసి వణుకుతారు. చలికాలం పొద్దున హీటర్ ప్లగ్గులకు, బరువు తిప్పే స్టార్టర్‌కు పెద్ద బ్యాటరీ కావాలి. నాజిళ్ల దగ్గర మిగిలిన డీజిల్ ట్యాంకుకు తిరిగి వెళ్లడానికి ఇంకో పైపు. డీజిల్ ఎక్కువ చుట్లు తిరగదు కాబట్టి వెనక క్రౌన్-పినియన్ నిష్పత్తి మార్చకపోతే హైవే మీద ఇంజన్ అరుపే గాని వేగం ఉండదు. విజయవాడ ఆటోనగర్‌లాంటి చోట్ల లేతు, వెల్డింగు, పంపు టెస్టింగు ఒకే వీధిలో దొరకడమే ఈ పనికి పెద్ద బలం.

హిందుస్థాన్ మోటార్స్ తర్వాత ఇసుజు డీజిల్‌ను కాంటెస్సాలోనూ అంబాసిడర్‌లోనూ పెట్టింది. ప్రీమియర్ పద్మినికీ ఇటలీ డీజిల్ వచ్చింది. రెండూ ఆలస్యంగానే.

చట్టం కూడా ఆలస్యంగానే కళ్లు తెరిచింది. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం మార్పు చేయాలంటే ఆర్టీఓకు చెప్పి అనుమతి తీసుకోవాల్సి ఉండేది. 2000 సవరణతో, తయారీదారు చెప్పిన వివరాలకు తేడా రాకూడదన్న నియమం వచ్చింది. బ్యాటరీ, సీఎన్జీ, ఎల్పీజీ కిట్లకు మాత్రం షరతులతో వీలిచ్చారు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఆ నియమాన్ని గట్టిగా నిలబెట్టింది. కానీ ఈ విద్యకు అసలు దెబ్బ కోర్టు నుంచి కాదు, బంకు నుంచి తగిలింది. 2014 అక్టోబరులో డీజిల్ ధరపై అదుపు ఎత్తేశారు. పెట్రోల్‌తో తేడా కరుగుతూ వచ్చింది. 2020 ఏప్రిల్‌లో బీఎస్6 కాలుష్య నిబంధనలు రాగానే మారుతి డీజిల్ కార్లే మానేసింది. అంబాసిడర్ అంతకు ముందే, 2014 మేలో ఉత్తర్‌పారాలో ఆగిపోయింది.

ఇంజన్ దించే పని మాత్రం ఆగలేదు. హైదరాబాదుకు చెందిన ఇ-ట్రియో పాత పెట్రోల్, డీజిల్ కార్లకు ఎలక్ట్రిక్ కిట్లు తయారుచేసి, 2019లో పుణెలోని వాహన పరిశోధన సంస్థ ఏఆర్ఏఐ ఆమోదం తెచ్చుకుంది. పాత గేర్‌బాక్స్ ఉంచుకుని మోటారు బిగించేవాళ్లకు ఇప్పుడు కూడా మధ్యలో లేతు మీద చేయించిన ప్లేటు కావాలి.