భూగర్భజల ప్రవాహం

మట్టి, ఇసుక, రాళ్లలోని సందుల గుండా నీరు కదిలే తీరును భూగర్భజల ప్రవాహం అంటారు. మూసీ కృష్ణలో కలిసే వాడపల్లి పరిసరాల్లో దీని రెండు రూపాలు కనిపిస్తాయి. ఊరి వైపు పల్నాటి సున్నపురాయి, ఉత్తరాన మిర్యాలగూడ దాటితే గ్రానైటు. సున్నపురాయిని నీరు కరిగించుకుంటూ దారి చేసుకుంటుంది. గ్రానైటులో పగులు ఉన్నచోటే నడుస్తుంది.

6వ శతాబ్దంలో వరాహమిహిరుడు బృహత్సంహితలోని దకార్గళాధ్యాయంలో చెట్లను, పుట్టలను ఆనవాళ్లుగా పట్టుకొని జలను గుర్తించే పద్ధతి చెప్పాడు. ఆ తరువాత వెయ్యేళ్లకు పైగా ఈ విద్య బావులు తవ్వేవారి అనుభవంలోనే నిలిచింది.

భూగర్భజల ప్రవాహానికి లెక్క కట్టినవాడు ఫ్రెంచి ఇంజనీరు హెన్రీ డార్సీ. దిజోన్ పట్టణపు నీటి సరఫరా కోసం నిలువు గొట్టంలో ఇసుక నింపి, నీరు పోసి కొలిచాడు. పై మట్టానికీ కింది మట్టానికీ తేడా పెరిగితే ప్రవాహం అంతే పెరిగింది. ఇసుక మందం పెరిగితే తగ్గింది. 1856లో వెలువడిన ఈ సూత్రం నేటికీ ఆధారం. 1863లో మరో ఫ్రెంచి ఇంజనీరు ద్యుపుయి దీన్ని బావులకు వర్తింపజేశాడు. తోడేకొద్దీ మట్టం ఎలా పడిపోతుందో 1935లో అమెరికా భూజల శాస్త్రవేత్త థైస్ లెక్కించాడు.

మళ్లీ మిర్యాలగూడ వైపు చూస్తే, 1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీరు వదిలాక ఆయకట్టు పొలాల్లో ఇంకిన నీరు భూగర్భజలంలోకీ చేరసాగింది.

హైదరాబాదులో 1961లో ఏర్పడిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ వాన నీరు ఎంత ఇంకుతుందో ట్రిటియం అనే రేడియోధార్మిక హైడ్రోజన్‌తో కొలిచింది. 1999లో అక్కడే ఇండో-ఫ్రెంచి భూగర్భజల పరిశోధన కేంద్రం మొదలైంది. 53 చదరపు కిలోమీటర్ల మహేశ్వరం పరీవాహక ప్రాంతంలో, ఆ తరువాత నల్లగొండ దారిలోని చౌటుప్పల్‌లో జరిగిన పరిశోధనలు ఎంతో విలువైనవి. గ్రానైటు మీద మొరం పొర, దాని కింద పగుళ్ల పొర, ఆ కింద గట్టి బండ ఉంటాయని, బోరుకు జల ప్రధానంగా పగుళ్ల పొర నుంచే వస్తుందని అవి తేల్చాయి. లోతు పెరిగేకొద్దీ పగుళ్లు పలచబడతాయి. అందుకే ఆ పొర దాటాక ఇంకా లోతుకు వేసే బోరు చాలాచోట్ల ఖర్చే మిగులుస్తుంది.