బావి ఎవరిది? ఎండ ఎవరిది?

చదువుకున్నోళ్ల మధ్య ఇప్పుడొక వాదన బాగా నడుస్తోంది. గ్యాసు, చమురు తవ్వకాలు ఆపేస్తే వాటి మీద బతికే కార్మికుల గతేమిటని ఒకరంటారు. భూమి వేడెక్కిపోతోంది, పెట్టుబడంతా సోలారుకీ గాలిమరలకీ మళ్లించాలని ఇంకొకరంటారు. ఈ రెండు పక్షాలూ ఒక ప్రశ్న మాత్రం అడగవు. ఆ ఉద్యోగం ఎవరికి దొరికింది? ఆ భూమి ఎవరి కాళ్ల కిందనుంచి పోయింది? దీనికి జవాబు చరిత్రలోనే వెతకాలి. అందుకే కోనసీమ గ్యాసు బావుల నుంచి రాయలసీమ సోలారు పలకల దాకా జరిగిందేమిటో ఒకసారి చూడాలనుకుంటున్నాం.

కరెంటు గొడవ దళితులకెందుకు అనేవాళ్లు మనలోనూ వున్నారు. 1942 నుంచి 1946 దాకా వైస్రాయి కౌన్సిల్లో లేబర్ మెంబరుగా వున్న బాబాసాహెబ్ అంబేద్కర్ చేతిలోనే నీటిపారుదల, విద్యుత్తు వ్యవహారాలు కూడా వుండేవి. చౌకగా, సమృద్ధిగా కరెంటు లేనిదే పరిశ్రమలు రావనీ, పరిశ్రమలు రానిదే జనం పేదరికం నుంచి బయటపడరనీ ఆయన 1943లోనే వాదించారు. 1947లో రాసిన 'రాష్ట్రాలు - మైనారిటీలు'లో కీలక పరిశ్రమలు ప్రభుత్వ సొత్తుగా వుండాలన్నారు. కరెంటు ఎంత పుట్టిందన్నదొక్కటే ఆయన ప్రశ్న కాదు. దాని యజమాని ఎవరన్నది కూడా ఆయన ప్రశ్నే. మన ప్రశ్న కూడా అదే.

1956లో పుట్టిన ఓఎన్‌జీసీ 1970ల చివర్లో గోదావరి డెల్టాలో అడుగుపెట్టింది. నరసాపురం, రాజోలు ప్రాంతాల్లో రిగ్గులు లేచాయి. అది ప్రభుత్వ సంస్థ కాబట్టి ఎస్సీలకు 15 శాతం, ఎస్టీలకు 7.5 శాతం రిజర్వేషన్లు వర్తించాయి. ఈ మాట తేలిగ్గా తీసేయొద్దు. చదువుకున్న కొద్దిమంది మన పిల్లలకు పర్మినెంటు జీతం, పెన్షను, క్వార్టరు దొరికే దారి అది. గ్యాసు పరిశ్రమను ఒక్క మాటతో మూసేయమనేవాళ్లు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

అయితే రిగ్గు చుట్టూ వున్న పనంతా ఆ లెక్కలోకి రాలేదు. కాపలా, మట్టిపని, వంట, డ్రైవింగు, పైపులైను గోతులు కాంట్రాక్టరు చేతికి పోయాయి. కాంట్రాక్టరుకు రోస్టరు లేదు. 1970 కాంట్రాక్టు కార్మికుల చట్టం కింద రద్దయిన పనుల్లో వున్నవాళ్లను పర్మినెంటు చేయాలని 1996లో సుప్రీంకోర్టు చెప్పింది. 2001లో స్టీల్ అథారిటీ కేసులో అదే కోర్టు ఆ మాట వెనక్కి తీసుకుంది. అంటే కింది మెట్టు మీద నిలబడ్డోడికి పైమెట్టు ఎక్కే నిచ్చెన తీసేశారు. భూమి విషయమూ అంతే. తోటలో బావి తవ్వితే పరిహారం తోట ఆసామికి. అదే తోటలో కొబ్బరికాయలు దింపి, వలిచి బతికే కూలికి ఏ కాగితమూ లేదు, కాబట్టి ఏ పరిహారమూ లేదు.

ప్రమాదం మాత్రం అందరికీ వాటా పంచింది. 1995 జనవరి 8న పాశర్లపూడి బావి పేలి 65 రోజులు మండింది. చుట్టుపక్కల ఊళ్లు ఖాళీ అయ్యాయి. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరం గ్రామంలో గెయిల్ పైపులైను పేలి 20 మందికి పైగా చనిపోయారు. ఆ పైపులో గ్యాసు పోతున్నది ఎక్కడో కొండపల్లి దగ్గరి ప్రైవేటు విద్యుత్ కేంద్రానికి. ఈ మధ్యలో సముద్రం కూడా చేతులు మారింది. 2002లో రిలయన్సుకు కేజీ బేసిన్‌లో గ్యాసు దొరికింది. 2009లో ఉత్పత్తి మొదలైంది, మరుసటేడాది తర్వాత పడిపోయింది. ప్రైవేటు కంపెనీలో రిజర్వేషన్ అన్న మాటే లేదు. 2022లో ఈ ప్రాంతం కొత్త జిల్లా అయింది. దానికి అంబేద్కర్ పేరు పెడతామన్నందుకే ఆ ఏడాది మే 24న అమలాపురంలో ఇళ్లు తగలబెట్టారు. కింద గ్యాసు కావాలి గానీ పైన అంబేద్కర్ పేరు వద్దన్నమాట!

ఇప్పుడు ఎండ సంగతి చూద్దాం. 2014 తర్వాత కేంద్రం సోలారు పార్కుల పథకం తెచ్చింది. అనంతపురం జిల్లా నంబులపూలకుంట, కర్నూలు జిల్లా ఓర్వకల్లు, గడివేముల మండలాల్లో పార్కులొచ్చాయి. 2017లో పూర్తయిన కర్నూలు పార్కు 1000 మెగావాట్లది, సుమారు 5,900 ఎకరాలు. ఇలాంటి పార్కులకు 'బంజరు భూములు' వాడుతున్నామంటారు. సీమలో బంజరంటే ఏమిటో మనకు తెలుసు. గొర్రెలు మేసే బీడు, డి.కె.టి. పట్టా చేను, పట్టా లేకుండా తాతల నాటినుంచి దున్నుకుంటున్న చెలక. 1977 చట్టం అసైన్డు భూమిని ఆసామి కొనకుండా కాపాడింది గానీ, ప్రభుత్వమే వెనక్కి తీసుకుంటే ఏం చేయాలి? అసైన్డుదారుకు కూడా పట్టాదారుతో సమానంగా పరిహారమివ్వాలని హైకోర్టు విస్తృత ధర్మాసనం 2004లో మేకల పాండు కేసులో తేల్చింది. అది పోరాడి తెచ్చుకున్న హక్కు. కానీ పట్టా కాగితం లేనోడికి ఆ తీర్పూ అందదు.

సరిహద్దుకు అవతల, తెలుగు వినిపించే పావగడలో ఇంకో పద్ధతి పెట్టారు. 13,000 ఎకరాలు కొనకుండా కౌలుకు తీసుకున్నారు. ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయలు, రెండేళ్లకోసారి 5 శాతం పెంపు. భూమి పేరు రైతు మీదే వుంటుంది. ఇది మెరుగైన దారే, కాదనం. అయితే పదెకరాలోడికి పదింతల కౌలొస్తుంది. ఆ పొలంలో కలుపు తీసి, వేరుశనగ పీకి బతికిన ఆడకూలికి సున్నా వస్తుంది. పలకలు బిగించేటప్పుడు కొన్నాళ్లు పని. తర్వాత మిగిలేది గడ్డికోత, పలకలు కడగడం, గేటు కాపలా.

రెండు చరిత్రలూ పక్కపక్కన పెడితే ఒక సంగతి తేలుతుంది. గ్యాసు రిజర్వేషన్‌తో వచ్చి కాంట్రాక్టులో ముగిసింది. సోలారు కాంట్రాక్టుతోనే పుట్టింది. కాబట్టి 'ఉద్యోగాలా, పర్యావరణమా' అని మనల్ని తూకంలో నిలబెట్టడం మోసం. ఏ పళ్లెంలోనూ మన వాటా పెట్టకుండా తూచేస్తున్నారు.

గ్యాసు బావులు ఎప్పటికైనా ఎండిపోయేవే. ఎండకు ఆ భయం లేదు. మారక తప్పదు, మారాలి కూడా. ఆ మార్పు ఏ షరతుల మీద జరగాలన్నదే మన పోరాటం. మూతపడే బావి దగ్గరి కాంట్రాక్టు కార్మికుడికి కొత్త పనిలో మొదటి హక్కుండాలి. ప్రభుత్వ భూమి, ప్రభుత్వ రాయితీ తీసుకునే ప్రతి కంపెనీలో రిజర్వేషన్ వుండాలి. అసైన్డు భూమి గుంజుకోకుండా కౌలుకు తీసుకోవాలి, ఆ కౌలు ఆడమనిషి పేరు మీద పడాలి. భూమిలేని కూలీకి యూనిట్ లెక్కన వాటా రావాలి. ఇవి గొంతెమ్మ కోర్కెలంటారా? 1943లో దళితుడు కరెంటు శాఖ నడపడమూ చాలామందికి అలాగే కనిపించి వుంటుంది.